అమ్మ ఇచ్చిన కిడ్నీకి రక్తం అందాలంటే: నా అనుభవం

కిందటి శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతం దగ్గర పడుతోంది, నా చేతిలో 60కి పైగా జాకెట్లు ఉన్నాయి. విశాఖ కంచరపాలెంలో మాది చిన్న షాపు. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, నాతోపాటు పనిచేసే ఒక అమ్మాయి. వారం రోజులుగా సాయంత్రం అయ్యేసరికి మెడ వెనక పట్టేసి తలనొప్పి వస్తోంది. లైటు కింద వంగి కుట్టడం వల్ల అనుకున్నాను. ఆ రాత్రి అలవాటుగా బీపీ చూసుకుంటే 168/102. పావుగంట ఆగి మళ్లీ చూశాను, 172. అమ్మ నాకు కిడ్నీ ఇచ్చి అప్పటికి ఏడు నెలలు.

ఆ తర్వాత నెలన్నరలో ఏం జరిగిందో, దానికి ముందు వేసవిలో ఏం జరిగిందో రెండూ కలిపి రాస్తున్నాను. రెండుసార్లూ కిడ్నీ చెడిపోలేదు. దానికి రక్తం వెళ్లే దారి ఇరుకైంది, అంతే. మార్పిడి చేయించుకున్న మా అందరికీ రిజెక్షన్ అనే మాట తెలుసు, అంటే కొత్త కిడ్నీని పరాయిదనుకుని ఒళ్లే ఎదిరించడం. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది. ఆ అంకె పెరిగిందంటే చాలు, రిజెక్షనే అనుకుని వణికిపోతాం. రక్తం సరిగా అందకపోయినా అంకె అలాగే పెరుగుతుందని నాకు ఒంటి మీదికి వచ్చాకే తెలిసింది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర ఒక పల్లె. కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఊరు. అక్కడ కిడ్నీ జబ్బు అంటే ఎవరూ కొత్తగా చూడరు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో పనా అని ఏళ్ల తరబడి పరీక్షిస్తున్నా ఇదీ కారణం అని తేలలేదు. మా నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. పెళ్లయి విశాఖ వచ్చిన తొమ్మిదేళ్లకు నాకూ బయటపడింది. రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు సంగతి గట్టెక్కింది గానీ, వారంలో మూడు రోజులు మంచం మీదే పోయేవి.

ఇస్తానని అమ్మే ముందుకొచ్చింది. "నాకు రెండున్నాయంటన్నారు గదే, ఒకటి నువ్వట్టుకో" అంది, చీర ఇచ్చినంత తేలిగ్గా. ఆమె కూడా ఆ ఊరి మనిషే కాబట్టి ఆమె కిడ్నీలను చాలా జాగ్రత్తగా పరీక్షించారు. రక్తనాళాలను చూపించే స్కాన్‌లో, సీటీ యాంజియో అంటారు, కుడి కిడ్నీకి రెండు ధమనులు, ఎడమ కిడ్నీకి ఒకటే కనిపించాయి. ఎడమది తీసుకుందామన్నారు. ఒకే ధమని అయితే ఒకే అతుకు. పైగా ఎడమ కిడ్నీ సిర పొడవుగా ఉంటుంది, కలపడానికి చేతికి అందుతుంది.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు సర్జన్ గారు వచ్చి ఏం చేయబోతున్నారో చెప్పారు. కొత్త కిడ్నీని నడుము వెనక పెట్టరు, ముందు వైపు కుడి పొత్తికడుపులో పెడతారు. పాతవి రెండూ వాటి చోటే ఉంటాయి. కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనికి పక్కన చిన్న కన్నం చేసి, అమ్మ కిడ్నీ ధమని మూతిని దానికి కుడతారు. సిరను సిరకు కుడతారు. మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలుపుతారు. నేను ఒక్కటే అడిగాను: "దారం ఎంత సన్నం ఉంటుంది సర్?"

"ఏం పని చేస్తావమ్మా?" అన్నారు. టైలర్‌నని చెప్పాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దారం వెంట్రుకంత సన్నం ఉంటుందట, కళ్లకు భూతద్దాలు తగిలించుకుని కుడతారట. ఐదారు మిల్లీమీటర్ల నాళం చుట్టూ అలా కుట్టుకుంటూ పోవాలి. తర్వాత ఒక సంగతి చెప్పారు, నేను ఎప్పటికీ మరిచిపోను. ఫ్రాన్స్‌లో లియాన్ అనే ఊరు పట్టుబట్టలకు పేరు. అక్కడ అలెక్సిస్ కేరెల్ అనే కుర్ర డాక్టర్, తెగిన రక్తనాళాలను అతకడం ఎలాగా అని ఆలోచించి, ఎంబ్రాయిడరీ చేసే ఒక ఆవిడ దగ్గరకెళ్లి సూది పని నేర్చుకున్నాడు. 1902లో తన పద్ధతిని అచ్చు వేయించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గుండ్రటి నాళం మూతికి మూడు చోట్ల దారం వేసి లాగి పట్టుకుంటే అది ముక్కోణం అవుతుంది. ఇక తిన్నటి అంచు కుట్టినట్టే కుట్టుకోవచ్చు. సర్జన్ గారు నా కేసు షీటు వెనకే బొమ్మ గీసి చూపించారు. జాకెట్టుకు చేతులు అతికేటప్పుడు మేమూ ముందు మూడు చోట్ల గుర్తు పెట్టుకునే కుడతాం, లేకపోతే ఒక పక్కకు గుడ్డ మిగిలిపోతుంది. ఆ బొమ్మ చూశాక నా టెన్షన్ సగం తగ్గిపోయింది.

ఇంకో మాట కూడా అన్నారు. చనిపోయినవారి నుంచి తీసిన కిడ్నీ అయితే ధమని మొదట్లో ఉండే పెద్ద నాళంలో కాస్త ముక్కను కాలర్‌లాగా కలిపి కోసుకోవచ్చు, కుట్టడానికి మార్జిన్ దొరుకుతుంది. బతికున్న దాత దగ్గర ఆ పెద్ద నాళాన్ని ముట్టుకోకూడదు. ఉన్న మూతినే అంచుకు అంచు కలిపి కుట్టాలి. మార్జిన్ లేని గుడ్డ కుట్టడం ఎంత కష్టమో నాకు వేరే చెప్పాలా?

జనవరిలో ఆపరేషన్ అయింది. పక్కపక్క థియేటర్లలో మమ్మల్నిద్దరినీ పడుకోబెట్టారు. అమ్మ దగ్గర తీసిన కిడ్నీలోంచి రక్తమంతా కడిగేసి, చల్లటి ద్రవం నింపి, మంచులో పెట్టి తెచ్చి నాకు కుట్టారు. రక్తం అందని ప్రతి నిమిషం దానికి నష్టమే. చల్లగా ఉంటే ఆ నష్టం మెల్లగా జరుగుతుంది, అందుకే మంచు. రక్తం ఆపడానికి నాళాలకు పెట్టిన క్లాంపులు తీయగానే బూడిద రంగులో ఉన్నది గులాబీ రంగుకు తిరిగిందని, బల్ల మీదే మూత్రం వచ్చిందని తర్వాత చెప్పారు.

మొదటి రోజు ఎనిమిది లీటర్ల మూత్రం పోయింది. సిస్టర్ గంట గంటకూ కొలిచి, పోయినంత లెక్కకు సెలైన్ ఎక్కించేది. బీపీ కాస్త తగ్గినా పరిగెత్తుకొచ్చేది. బీపీ ఎక్కువైతే కదా ప్రమాదం, తగ్గితే ఏమిటి అని అడిగాను. "కొత్త కిడ్నీకి ముందు నుంచి తోసే బలం కావాలండి. ఇప్పుడు బీపీ పడిపోతే దానికి రక్తం ఎక్కదు" అంది. నా పక్క మంచం మీద ఒక అన్నయ్య ఉండేవాడు, అనకాపల్లి వైపు మనిషి. ఆయనకు మూడో వారంలో కిడ్నీ పక్కన నీరు చేరింది. అది సిరను నొక్కేసి రక్తం వెనక్కి పోనివ్వక కిడ్నీ ఉబ్బింది. సన్నటి గొట్టం పెట్టి నీరు తీసేశారు, సర్దుకుంది. రక్తం రావడమే కాదు, పోవడం కూడా సాఫీగా ఉండాలని ఆయన్ని చూశాకే అర్థమైంది.

ఆపరేషన్ మర్నాడు డాప్లర్ చేశారు. అల్ట్రాసౌండ్ లాంటిదే, కాకపోతే రక్తం ఎంత వేగంగా పోతోందో కూడా చూపిస్తుంది. చల్లటి జెల్ రాసి కుట్ల పక్కన ప్రోబ్ ఆనించగానే గదంతా చప్పుడు. ఈదురుగాలి కిటికీలోంచి విసిరి విసిరి కొట్టినట్టు ఫూష్... ఫూష్... తెర మీద వరసగా కొండలు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు: గుండె కొట్టుకున్నప్పుడు లేచేది శిఖరం. గుండె విశ్రాంతి తీసుకునే వేళ కూడా గీత నేలను తాకకూడదు, ఎందుకంటే కిడ్నీకి రక్తం ఎడతెగకుండా పారుతూనే ఉండాలి. శిఖరానికీ, ఆ విశ్రాంతి వేళ ఉన్న ఎత్తుకూ తేడా తీసి, శిఖరంతో భాగిస్తే వచ్చేది రెసిస్టివ్ ఇండెక్స్, ఆర్ఐ అంటారు. నాది 0.65. మామూలుగా 0.6, 0.7 నడుమ ఉంటే సంతోషం, 0.8 దాటితే లోపల రక్తానికి అడ్డు ఎక్కువగా ఉన్నట్టు. అమ్మ కిడ్నీ నాలో బాగా తాగుతోంది అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. క్రియాటినిన్ 1.1.

ఏప్రిల్ చివర్లో మొదటి దెబ్బ తగిలింది. విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధ. చెమట ఆరదు. గుడ్డ ఎగిరిపోతుందని కటింగ్ టేబుల్ దగ్గర ఫ్యాన్ ఆపుకుంటాం, ఆ రెండు గంటల్లో జాకెట్టు తడిసి ముద్దయ్యేది. ఆ వారం చుట్టాల గృహప్రవేశానికి వెళ్లి భోజనం చేసి వచ్చాను. వెళ్లకుండా ఉండాల్సింది. మర్నాటి నుంచి విరేచనాలు. రెండో రోజుకి ఒళ్లంతా నొప్పులు. మా ఆయన వీధి చివర మందుల షాపులో చెప్పి నొప్పి మాత్రలు తెచ్చాడు. కిడ్నీ మార్పిడి అయిన మనిషికని ఈయన చెప్పలేదు, అతనూ అడగలేదు. రోజున్నరలో మూడు వేసుకున్నాను.

ఇంట్లో మూత్రం కొలుచుకునే జగ్గు ఉంది నాకు. రోజూ రెండున్నర లీటర్లు వచ్చేది ఆ రోజు 700 మిల్లీలీటర్లు దాటలేదు. అది చూశాకే భయపడి ఆస్పత్రికి వెళ్లాం. క్రియాటినిన్ 1.9. రిజెక్షన్ రాకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూస్తే లెవెల్ 17. నాకు అప్పుడు పది లోపు ఉంచుతున్నారు.

నెఫ్రాలజిస్ట్ గారు, అంటే కిడ్నీ డాక్టర్, ఆ నొప్పి మాత్రల అట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినది నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఎందుకంటే ఇది ప్రతి పేషెంటుకూ తెలియాలి. ఒక కిడ్నీలో దాదాపు 10 లక్షల జల్లెడలు ఉంటాయి. ఒక్కో జల్లెడకు రక్తం తెచ్చే సన్నటి నాళం ఒకటి, తీసుకుపోయేది ఒకటి. ఒంట్లో నీరు తగ్గితే శరీరం గుండెకూ మెదడుకూ రక్తం మిగల్చాలని మిగతా చోట్ల నాళాలను బిగిస్తుంది. అప్పుడు కిడ్నీ తన రక్షణకు తానే కొన్ని పదార్థాలు తయారు చేసుకుని, లోపలికి తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సరిగ్గా ఆ పదార్థాలనే ఆపేస్తాయి. ఇక టాక్రోలిమస్. రిజెక్షన్ రాకుండా కాపాడేది అదే, కానీ మోతాదు ఎక్కువైతే అదే నాళాన్ని బిగిస్తుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగు ఆ మందును మామూలు కంటే ఎక్కువగా రక్తంలోకి వదిలేస్తుంది. మాత్ర పెంచకపోయినా లెవెల్ పెరిగేది అందుకే. అంటే నేను రెండు రోజుల్లో ఒకే నాళాన్ని మూడు వైపుల నుంచి నొక్కేశాను.

డాప్లర్ మళ్లీ చేశారు. పెద్ద ధమనిలో రక్తం బాగానే వస్తోంది, కుట్టు బాగానే ఉంది. లోపల కొమ్మల్లో ఆర్ఐ మాత్రం 0.79. విశ్రాంతి వేళ గీత బాగా కిందికి దిగిపోయింది. రిజెక్షన్ అయినా ఇలాగే కనిపించవచ్చు, డాప్లర్ ఒక్కటే చూసి తేల్చలేమన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించి, టాక్రోలిమస్ తగ్గించి చూద్దాం, క్రియాటినిన్ దిగకపోతే బయాప్సీ, అంటే సూదితో కిడ్నీ ముక్క తీసి పరీక్షించడం, అన్నారు. ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. ఊళ్లో ఉన్న అమ్మకు చెప్పొద్దన్నాను. ఆమె ఇచ్చినదాన్ని నేను నాలుగు నెలలు కూడా కాపాడుకోలేకపోయానా అని ఒకటే బాధ. మూడో రోజు పొద్దున క్రియాటినిన్ 1.6. తర్వాత 1.3. ఆరో రోజు 1.2తో ఇంటికి పంపారు. బయాప్సీ అవసరం పడలేదు.

మందుల షాపులో కౌంటర్ వెనక ఉన్నవాళ్లు "కిడ్నీ సమస్య ఏమైనా ఉందా?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అడగరు. కాబట్టి మనమే ముందు చెప్పాలి. ఇప్పుడు నా పర్సులో, మా ఆయన పర్సులో ఒక కాగితం ఉంటుంది: కిడ్నీ మార్పిడి అయింది, నొప్పి మాత్రలు వద్దు, ఏ కొత్త మందైనా నెఫ్రాలజిస్ట్‌ని అడిగాకే. యాంటీబయాటిక్స్‌లో, ఫంగస్ మందుల్లో కూడా టాక్రోలిమస్‌ను అమాంతం పెంచేవి, తగ్గించేసేవి ఉన్నాయి.

ఇక శ్రావణ మాసం సంగతి. బీపీ 172 చూసిన రాత్రి శనివారం. తలనొప్పి తగ్గక ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్లాను. ఈసారి మార్పిడి సంగతి చెప్పాను. అక్కడి డాక్టర్ నేను వాడుతున్న బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌కు తోడు టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్ర రాశారు. కిడ్నీకి మంచి మాత్రే అన్నారు, చాలామందికి నిజంగా మంచిదేనట. సోమవారం ఆస్పత్రికి వెళ్లాల్సింది. జాకెట్ల ఒత్తిడిలో వెళ్లలేదు. వ్రతం అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. వారంలో బీపీ దిగలేదు సరికదా, పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. మూత్రం తగ్గింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.3.

నెఫ్రాలజిస్ట్ గారు చీటీలన్నీ వరసగా పేర్చుకుని తేదీలు చూశారు. "ఈ మాత్ర మొదలుపెట్టాకే కదా అంకె ఎగిరింది?" అన్నారు. తర్వాత స్టెతస్కోప్ నా పొత్తికడుపు మీద, కిడ్నీ కుట్టిన చోట పెట్టి, ఊపిరి బిగబట్టమని చాలాసేపు విన్నారు. "ఇక్కడ చప్పుడు ఉందమ్మా. ఈ చప్పుడు ఉండకూడదు." టెల్మిసార్టాన్ అప్పటికప్పుడు ఆపించారు, డాప్లర్‌కి పంపారు.

కిడ్నీ తనకు వచ్చే రక్తాన్ని బట్టే ఒంట్లో రక్తం ఎంత ఉందో అంచనా వేసుకుంటుందట. దారిలో ధమని ఇరుకైతే దానికి రక్తం తక్కువ అందుతుంది. ఒంట్లోనే తక్కువ ఉందనుకుని బీపీ పెంచమని హార్మోన్లు పంపిస్తుంది, ఉప్పూ నీరూ పట్టి ఉంచుతుంది. అందుకే బీపీ ఎన్ని మాత్రలకూ దిగదు, కాళ్లు వాస్తాయి. లోపల మాత్రం జల్లెడలో ఒత్తిడి పడిపోకుండా రక్తం బయటికి పోయే నాళాన్ని కిడ్నీ బిగించి పెట్టుకుంటుంది. టెల్మిసార్టాన్ ఆ బిగువునే వదిలించేస్తుంది. లోపలికి రావడం తక్కువ, బయటికి పోవడం సులువు, ఇక వడపోత ఎక్కడ జరుగుతుంది? రెండు కిడ్నీలు పనిచేసేవాళ్లకు ఒకదాని ధమని ఇరుకైనా రెండోది ఆదుకుంటుంది. నాకున్నది ఒక్కటే.

డాప్లర్ గదిలో ఈసారి చప్పుడే వేరు. ఫూష్ అని కాదు, కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే సన్నటి ఈలలా ఉంది. తెర మీద కుట్టు దగ్గర ఎరుపూ నీలం పసుపూ కలిసి సుడి తిరుగుతున్నాయి. అక్కడ రక్తం వేగం సెకనుకు 380 సెంటీమీటర్లు. 200 దాటితేనే అనుమానించాలట. కిడ్నీ లోపల కొమ్మల్లో చూస్తే శిఖరాలే లేవు, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే గుట్టలు. ఆర్ఐ 0.47. నేను సంతోషపడ్డాను, వేసవిలో 0.79 ఉంటే చెడ్డది కదా, ఇప్పుడు బాగా తగ్గింది కదా అని. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. లోపల అడ్డు పెరిగితే ఆర్ఐ పెరుగుతుంది. ముందు దారే ఇరుకైతే శిఖరం అణిగిపోయి ఆర్ఐ పడిపోతుంది. ఆ అంకెను ఒంటరిగా చూడకూడదు, గీత ఆకారంతో కలిపి చూడాలి. రిపోర్టులో ఆర్ఐ ఒక్కటీ చూసుకుని ధైర్యపడేవాళ్లూ, దిగులుపడేవాళ్లూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

మార్పిడి చేసిన ధమని ఇరుకవడం ఎక్కువగా మూడు నెలలు, రెండేళ్ల నడుమ బయటపడుతుందట. సరిగ్గా ఆ కాలంలోనే మనం కోలుకున్నామని ధైర్యం వచ్చి పనుల్లో పడతాం.

యాంజియోగ్రామ్ చేసి, అంటే నాళంలోకి రంగు మందు ఎక్కించి చూసి, ఇరుకు నిజమైతే అప్పుడే బెలూన్‌తో తెరిచి, మళ్లీ మూసుకోకుండా స్టెంట్ అనే సన్నటి జాలీ గొట్టం వేస్తామన్నారు. యాంజియోలో ఎక్కించే రంగు మందు కూడా కిడ్నీకి భారమే. అందుకని ముందు రాత్రంతా సెలైన్ పెట్టారు, రంగు వీలైనంత తక్కువ వాడతామన్నారు. సంతకం పెట్టేముందు ప్రమాదాలన్నీ చదివి వినిపించారు. నాళం చీలవచ్చు, గడ్డ కట్టవచ్చు, కిడ్నీయే పోవచ్చు. మా ఆయన చేయి వణికింది. ఈసారి అమ్మకు చెప్పక తప్పలేదు. సోంపేటలో రైలెక్కి రాత్రికి వచ్చేసింది. నా మంచం పక్కన కూర్చుని, "ఇచ్చీసినాక అది నీదే. పోయినా నానేటనను. బయపడకే గుంటా" అంది. ఆ మాట విన్నాక చాలా నెలల తర్వాత తనివితీరా ఏడ్చాను.

యాంజియో చేసే గదిలో, క్యాత్ ల్యాబ్ అంటారు, మత్తు ఇవ్వలేదు, గజ్జల దగ్గర తిమ్మిరి సూది మాత్రమే. చలి బాగా ఉంది. తల తిప్పితే తెర కనిపిస్తోంది. రంగు ఎక్కించగానే కడుపులో వేడి నీళ్లు పోసినట్టు అనిపించింది, తెర మీద అమ్మ కిడ్నీ చెట్టు కొమ్మల్లా నల్లగా విచ్చుకుంది. మొదట్లోనే, కుట్టు దగ్గర, చీపురు కట్టను తాడుతో బిగించినట్టు నొక్కుకుపోయి ఉంది. దారం లాగి కుట్టినప్పుడు గుడ్డ కుచ్చు పడినట్టు. నేను రోజూ చూసేదే.

సన్నటి తీగ దాటించి రెండు పక్కలా ఒత్తిడి కొలిచారు. ఇరుకుకు ముందు 158, దాటాక 91. బెలూన్ ఉబ్బించినప్పుడు పొత్తికడుపులో గట్టిగా లాగింది, ఇరవై సెకన్లు. తర్వాత 6 మిల్లీమీటర్ల స్టెంట్. మళ్లీ కొలిస్తే రెండు పక్కలా తేడా 5. గంటలోపే అయిపోయింది. ఆ తర్వాత ఆరు గంటలు కాలు కదపకుండా పడుకోవడమే అసలు కష్టం. రాత్రి 11 గంటలకు బీపీ 136/84. మర్నాటి పొద్దుటికి మూత్రం సంచి మూడుసార్లు నిండింది. వారానికి క్రియాటినిన్ 1.4కి, నెలకు 1.2కి వచ్చింది. నాలుగు బీపీ మాత్రలు ఒకటికి వచ్చాయి. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు కొత్తగా చేరాయి, వాటిని ఒక్క పూట కూడా ఆపకూడదు.

డిశ్చార్జి రోజు సర్జన్ గారు చూడ్డానికి వచ్చారు. ఉండబట్టలేక అడిగాను: "కుట్టు బిగువైందా సర్?" ఆయన తప్పించుకోలేదు. "అయి ఉండొచ్చు. క్లాంపు వేసిన చోట లోపలి పొర నలిగి ఉండొచ్చు. గాయం మానేటప్పుడు ఆ పొర కొందరికి దళసరి అవుతుంది. ఏది అని ఖచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఏదో ఒక కుట్టు దగ్గర గుడ్డ ఎదురు తిరుగుతుంది. తెలిసిన వెంటనే విప్పి సరిచేయడమే పని.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంది. షాపులో లీటరు నీళ్ల సీసాలు మూడు పెట్టుకున్నాను, రాత్రి తొమ్మిదికి మూడూ ఖాళీ కావాలి. ఎండాకాలం ఇంకొకటి. ఇంత తాగాలని నాకు చెప్పారు గానీ అందరికీ ఇదే కొలత కాదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. కొబ్బరి నీళ్లు మాత్రం మానేశాను. కొబ్బరి తోటల్లో పుట్టినదాన్ని, మొదట్లో చాలా కష్టంగా ఉండేది. టాక్రోలిమస్ పొటాషియాన్ని పెంచుతుంది, కొబ్బరి నీళ్లలో అదే ఎక్కువ. మాత్రలు పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. లెవెల్ పరీక్ష రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి, అప్పుడు వేసుకుంటాను. కిందటి నెల షాపుకొచ్చిన ఒకావిడ మాత్ర వేసుకుని రక్తం ఇచ్చిందట, లెవెల్ ఎక్కువ చూపిందని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. బీపీ రెండు పూటలా నోటుబుక్కులో రాస్తాను. మూడు రోజులు వరసగా 140 దాటితే ఫోన్ చేసేస్తాను, ఏ పండగ ఆర్డర్లు ఉన్నా సరే. లంగా బొందు కిడ్నీ మీద బిగుసుకుంటోందని నడుముకు వెడల్పు ఎలాస్టిక్ వేసి నాకు నేనే కుట్టుకున్నాను. ఇద్దరు పేషెంట్లు చూసి వాళ్లకూ కుట్టించుకున్నారు.

మూడు నెలల తర్వాత మళ్లీ డాప్లర్‌కి వెళ్లినప్పుడు అమ్మ తన పరీక్షలకు విశాఖలోనే ఉంది. దాతలు కూడా ఏటా చూపించుకోవాలి, చాలామంది మానేస్తారు. అమ్మ బాగానే ఉంది, మిగిలిన కిడ్నీ పనంతా అందుకుంది. నాతోపాటు గదిలోకి వస్తానంది. డాక్టరమ్మ కుర్చీ వేయించారు.

జెల్ రాసి ప్రోబ్ పెట్టగానే చప్పుడు మొదలైంది. ఈల లేదు. మొదటి రోజు విన్న గాలి విసురే. కుట్టు దగ్గర వేగం 150. ఆర్ఐ 0.63. గుట్టలు పోయి శిఖరాలు లేచాయి. అమ్మ ముందుకు వంగి తెర వైపు కాకుండా నా పొట్ట వైపు చూస్తూ వింటోంది.

"ఏటే ఆ చప్పుడు?"

"నీ కిడ్నీయే అమ్మా. రక్తం పోతోంది."

కాసేపు ఏమీ అనలేదు. డాక్టరమ్మ ప్రోబ్ తీయబోతే చేయి పట్టుకుని ఆపింది.

"ఇంకొంచెం సేపు ఉంచండమ్మా. 54 ఏళ్లు నాలో ఉంది, ఒక్కనాడూ నాకినబడ్నేదు."